లేని మనిషి చేప

మా అమ్మ దానమ్మ నోరు ఊరికే ఉండదు. పేటలో ఎవరింట కూర మాడినా, ఎవరి పడవ ఇంజను మొరాయించినా, అడక్కుండానే ఆవిడ తీర్పు వచ్చి పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా నా పేరు బేబీగానే ఎందుకుండిపోయిందని నేను విసుక్కుంటే దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. "పెద్ద పేరెట్టడానికి నువ్వేటి పెద్ద పని సేసినావు?" అంటుంది. అలాంటి మనిషి ఆ సోమవారం తెల్లవారగానే, పేటంతా చూస్తుండగా, సూటిగా అడిగిన ఒక్క మాటకు జవాబు చెప్పకుండా నిలబడిపోయింది.

అడిగింది మొయినా. మా పక్కింటామె. ఒడిశా తీరాన, మార్కండికి కాస్త ఇవతల మాది తెలుగు జాలర్ల పేట. మొయినా, ఆవిడ మొగుడు కలామ్ బెంగాల్లోని మేదినీపూర్ నుంచి వచ్చి ఇక్కడ పాక వేసుకుని తొమ్మిదేళ్ళయింది. కలామ్ మా మసేను చిన్నాన్న పడవ మీద వేటకు వెళ్తాడు. మొయినా రేవులో మా అమ్మ పక్కనే పాత వలలు పరిచి నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండేస్తుంది. ఇంట్లో బెంగాలీ, బజారులో ఒడియా, మా అమ్మతో మాత్రం ఆ రెండూ కలిపిన తెలుగు. ఆ తెలుగును వెక్కిరించే హక్కు పేటలో మా అమ్మకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఉత్తరాన కొండల్లో ఎక్కడో దాడి జరిగి అప్పటికి పది రోజులు. పాపం, విహారానికి వెళ్ళినవాళ్ళు చచ్చిపోయారు. టీవీ చూసి మా అమ్మతో పాటు మొయినా కూడా కళ్ళు తుడుచుకుంది. మర్నాటి నుంచి ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయి. సముద్రం మీదుగా మనుషులు దిగుతున్నారట, బంగ్లా మాట్లాడేవాళ్ళను కనిపెట్టుకుని ఉండాలట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్ళు ఏ ఊళ్ళో లేరు గనక? కలామ్ వేటలో ఉండగా ఫోన్లో బంగ్లా మాట్లాడతాడని టీ కొట్టు దగ్గర ఎవరో పుణ్యాత్ముడు అన్నాడు. మాట్లాడతాడు. వాళ్ళమ్మతో మాట్లాడతాడు. ఆవిడకు తెలుగు రాదు మరి.

సోమవారం పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. కాగితాలు చూడాలి, ఇద్దర్నీ రమ్మన్నారు. కలామ్ ఫోన్ ముందే తీసేసుకున్నారు. జీపెక్కబోతూ మొయినా వెనక్కొచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"దీదీ, సేప సూస్తావా?" అంది.

ముందురోజే నాలుగు వలల నిండా నెత్తళ్ళు పరిచింది. ఈ వేసవికి వాళ్ళకున్నదంతా అదే. రెండు రోజులు తిరగేసి, ఎండాక ఎత్తిపెడితే చాలు. లేకపోతే అంతా మట్టిపాలు.

మా అమ్మ నోరు తెరవలేదు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు, అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు. జీపు వెళ్ళిపోయింది.

కారణం ఎదురుగానే నిలబడి ఉంది. మసేను చిన్నాన్న. మా నాన్నకు తమ్ముడు, పేటకు కులపెద్ద. ముందురాత్రే పెద్దల్ని కూర్చోబెట్టి కట్టుబాటు చెప్పాడు: వాళ్ళ కాగితాలు సరైనవని తేలేదాకా ఎవరూ వాళ్ళతో మాటా మంతీ పెట్టుకోకూడదు, వాళ్ళ వస్తువు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తప్పు డబ్బు కట్టాలి. కట్టకపోతే వెలి. వెలంటే మా పేటలో మాటలు కాదు. ఆ ఇంటికి నిప్పుండదు, నీళ్ళుండవు, చావుకి నలుగురు రారు.

నాకు ఒళ్ళు మండి చిన్నాన్నను అడిగేశాను. "తొమ్మిదేళ్ళు నీ పడవ ఎక్కినోడు కదా సిన్నాన్నా, నీకు తెల్దా?"

"తెలుసు," అన్నాడు. "మనం మాటాడేది తెలుగు. ఉండేది ఒడిశా. రేపు మన కాగితాలూ అడిగితే మీ తాత ఎక్కడ పుట్టినాడో సూపించగలవేటి? గాలొచ్చినప్పుడు తెరసాప దించుకోవాల. నువ్వు సదువుకున్నదానివి, నీకు సెప్పాలా?"

చిన్నాన్న చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆ భయం నాకూ ఉంది, ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసి విసవిసా బస్సుకు వెళ్ళిపోయాను.

నేను బరంపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో చరిత్ర చెప్తాను. ఎండలకు బడి ఒంటిపూటే. నా ఖర్మ కొద్దీ ఆ వారం తొమ్మిదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం. పెర్ల్ హార్బర్ గురించి పుస్తకంలో ఉన్నది ఒక్క పేరా. జపాను దాడి చేసింది, అమెరికా యుద్ధంలోకి దిగింది, అంతే. ఆ తర్వాత అమెరికా తన ఇంట్లోవాళ్ళనే ఏం చేసిందో పుస్తకంలో లేదు. అది నేను విడిగా చదివి చెప్తాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ అన్నం తినలేదు. రేవులో తన చేపల దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో గులకరాళ్ళ కుప్ప. మొయినా చేపల మీద కాకి వాలితే రాయి, కుక్క వస్తే రాయి.

"ముట్టుకోవద్దన్నారు కదే," అన్నాను.

"నాను సేపని ముట్టుకున్నానేటి? కాకిని కొడతన్నాను," అంది.

ఏదో ఒకటి మాట్లాడితే రెండు ముద్దలైనా తింటుందని, పొద్దున చెప్పిన పాఠమే ఎత్తుకున్నాను. మామూలుగా ఆవిడకు చరిత్ర గిట్టదు. చచ్చిపోయినవాళ్ళ కతలు చెప్పి జీతం తీసుకుంటానని నన్ను ఏడిపిస్తుంది. ఆ రోజు మాత్రం అడ్డు రాలేదు.

ఒక ఆదివారం పొద్దున జపాను విమానాలు చెప్పాపెట్టకుండా వచ్చి అమెరికా ఓడరేవు మీద బాంబులు కురిపించాయనీ, రెండు వేల మందికి పైగా పోయారనీ చెప్పాను. అమెరికాకు కడుపు మండింది, మండదూ మరి. కానీ ఆ కోపం వెళ్ళి ఎవరి మీద పడిందంటే, ఎప్పుడో జపాను నుంచి వచ్చి అక్కడే కాపురాలు చేసుకుంటున్నవాళ్ళ మీద. అత్త మీద కోపం దుత్త మీద. రేడియోలు లాక్కున్నారు, కెమెరాలు లాక్కున్నారు, చీకటి పడ్డాక గడప దాటొద్దన్నారు.

"లాస్ ఏంజెలెస్ అని పెద్ద పట్నముందమ్మా. దాని పక్కన ఒక చిన్న దీవి. దాన్నిండా ఆ జపానోళ్ళే, జాలర్లు."

అమ్మ చేతిలో రాయి ఆగిపోయింది. "జాలర్లేటి?"

"అవును. మగాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళు చేపల ఫ్యాక్టరీలో పని చేసేవారు. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి బళ్ళోనే చదువుకున్నారు. ముందు మగాళ్ళని పట్టుకుపోయారు."

"ఏటి సేసేరని?"

"పడవలున్నాయి, సముద్రం తెలుసు. అదే నేరం. తర్వాత ఆడవాళ్ళకి రెండు రోజుల గడువిచ్చారు. చేతుల్తో మోయగలిగింది పట్టుకుని దీవి ఖాళీ చెయ్యమన్నారు."

విమానాలూ, బాంబులూ అమ్మకు పట్టలేదు. "మరి ఆళ్ళ వలలో?" అంది.

"ఏ వలలు?"

"ఎండేసిన వలలే. ఎవులు తీసేరు?"

నాకు తెలియదు. నేను చదివినదాంట్లో ఆ సంగతి లేదు. తెలియదనే చెప్పాను.

మంగళవారం నేను ఇంకా చెప్పులైనా విప్పలేదు, "ఆ దీవోళ్ళు ఏటైనారే?" అని అడిగింది. పక్క వీధివాళ్ళ గురించి అడిగినట్టే అడిగింది. చెప్పాను. కొందర్ని ముందు గుర్రాల పందేల మైదానంలో, గుర్రాల్ని కట్టే కొట్టాల్లో ఉంచారు. తర్వాత ఎడారుల్లో ముళ్ళకంచెలు కట్టి అందులో పెట్టారు. దీవివాళ్ళనే కాదు, ఆ ఒడ్డున ఉన్న జపానువాళ్ళందర్నీ, మొత్తం లక్షా ఇరవై వేల మందిని. మూడు వంతుల్లో రెండు వంతులు ఆ దేశంలోనే పుట్టినవాళ్ళు. ఒకతను నేను వెళ్ళనని మొండికేసి పెద్ద కోర్టు దాకా వెళ్ళాడు. యుద్ధకాలం కదా, తప్పదని కోర్టు కూడా అంది.

"జడ్జీకీ బయమేటి?" అంది అమ్మ.

"ఏమో. భయమే కావచ్చు."

"అంతమందిలో దొంగలు దొరికేరా?"

"ఒక్కడి మీదా రుజువు కాలేదు. పైగా కంచె లోపల అమ్మానాన్నల్ని పెట్టుకుని కొందరు కుర్రాళ్ళు ఆ దేశం సైన్యంలోనే చేరి యుద్ధానికి వెళ్ళారు."

అమ్మ ముక్కు చీదింది. "ఓలమ్మ, ఆళ్ళ తల్లులు ఎలాగుండుంటారో," అని, "మరి తిరిగొచ్చేరా? దీవికి?" అంది.

రేపు చెప్తానని తప్పించుకున్నాను. జవాబు నాకు తెలుసు. పక్కన మొయినా ఇంటికి తాళం వేలాడుతోంది, ఇసుకలో ఆవిడ చేప ఎండుతోంది.

బుధవారానికి మొయినా నెత్తళ్ళు గలగలలాడేలా ఎండిపోయాయి. ఎత్తాలి. ఎత్తేవాళ్ళు లేరు. అమ్మ పొద్దుట్నుంచీ వాటి చుట్టూ తిరుగుతోంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఎండ చిటపటలాడుతోంది. మూడు దాటిందో లేదో పడమర ఆకాశం నల్లబడింది. కాలబైశాఖి, వేసవి గాలివాన. గాలి ఒక్కసారిగా చల్లబడి ఇసుక లేచింది. పేటలో ఆడవాళ్ళందరూ రేవుకు పరుగు పెట్టారు.

ఇక్కడ మా రేవు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. వాన వస్తే ముందు ఎత్తాల్సింది మన చేప కాదు, ఆ పూట రేవులో లేని మనిషి చేప. ఆవిడ ఛత్రపూర్ సంతకు వెళ్ళి ఉండొచ్చు, ఆస్పత్రిలో ఉండొచ్చు, పురిటి మంచం మీద ఉండొచ్చు. ఉన్న మనిషి పరుగెత్తగలదు, లేని మనిషి పరుగెత్తలేదు. నేను బరంపురం ఆస్పత్రిలో పుట్టిన రోజున మా అమ్మ చేప ఎత్తింది మసేను చిన్నాన్న భార్య దేముడమ్మ పిన్ని. అప్పటికి వాళ్ళిద్దరికీ మాటల్లేవట. అయినా ఎత్తింది.

అమ్మ రేవులోకి దిగి మధ్యలో ఆగిపోయింది. ఇటు తన చేప, అటు మొయినా చేప.

"వదినా, ఏటలాగ నిలబడిపోనావు? నీ సేప తడిసిపోతాది," అని చిన్నాన్న తన వలల దగ్గర్నుంచి కేకేశాడు.

అమ్మ కొంగు నడుముకు చుట్టి మొయినా వలల వైపు నడిచింది. చిన్నాన్న ఎదురొచ్చాడు.

"వద్దు వదినా. తప్పు పడతాది."

"లేని మనిసి సేప ముందల," అంది అమ్మ. "ఇది నువ్వెట్టిన మాట కాదు మసేనూ, నానెట్టిన మాట కాదు. మన ముసలోళ్ళెట్టింది. నీ కట్టుబాటు దానికన్నా పెద్దదేటి?"

"నాను పెద్దోణ్ననుకుని కాదు, పేటకోసం సెప్పినాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా?"

"మూడు రోజుల్నుంచీ దురదెడతానే ఉంది," అని అమ్మ వంగి వల మూల పట్టుకుంది. నావైపు తిరిగి, "నిలబడి సూస్తావేటే? ఆ మూల పట్టు," అంది.

వెలి వేస్తే మా ఇల్లు ఏమవుతుందో ఒక్క క్షణం కళ్ళ ముందు కనిపించింది. అయినా పట్టుకున్నాను. క్లాసులో లక్షా ఇరవై వేల మంది గురించి చెప్పి, రేవులో ఒక్క వల మూల పట్టకపోతే రేపు ఆ పిల్లల ముఖం ఎలా చూడను?

మొదటి వల చుట్టాం. రెండోది చుడుతుండగా చినుకులు మొదలయ్యాయి. మూడోది, నాలుగోది చుట్టి, పడవ మీది టార్పాలిన్ లాగి కప్పేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. మా చేప సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పోయిందనుకునే తిరిగి చూశాను.

మా వలల దగ్గర దేముడమ్మ పిన్ని ఉంది. తన చేప వదిలేసి గబగబా మావి చుడుతోంది.

చిన్నాన్నకు మతి పోయింది. "ఏటే, నువ్వూనా?" అని అరిచాడు.

పిన్ని తలెత్తనైనా లేదు. "కలామోళ్ళ సేప నాను ముట్టుకోనేదు. అక్క సేప ఎత్తుతన్నాను. అక్క తన సేప కాడ నేదు కదా. అలాటప్పుడు అక్కే లేని మనిసి కదా?"

"మరి మన సేప ఎవులెత్తుతారే?"

"నువ్వున్నావు కదా. నీ పెళ్ళాం దాని సేప కాడ నేదు, సూడు."

చిన్నాన్న ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాడు. వాన దబదబా పడుతోంది. ఏదో గొణుక్కుంటూ వెళ్ళి తన వలలు తనే చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేప చుట్టడం నేను చూడటం అదే మొదటిసారి, అదీ సరిగ్గా రాలేదు. సగం తడిపాడు. మిగతావాళ్ళు ఎవరి చేప వాళ్ళెత్తుకున్నారు. ఎవరూ మాకు సాయం రాలేదు, అలాగని ఎవరూ ఒక్క మాట అనలేదు.

మొయినా వలల మూటలు మా ఇంట్లోనే పెట్టాం. ఇల్లంతా కంపు.

తప్పు గురించి పిలుపొస్తుందని గురువారమంతా ఎదురుచూశాం. రాలేదు. పిలవాలంటే చిన్నాన్న మా అమ్మ పక్కన తన భార్యనూ నిలబెట్టాలి. దేముడమ్మ పిన్నిని పదిమందిలో నిలబెట్టే ధైర్యం ఆయనకు ఏ జన్మలోనూ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం కలామ్, మొయినా ఆటో దిగారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయట. మరి ఇన్ని రోజులూ ఎందుకు ఉంచారంటే దానికి జవాబు లేదు. కలామ్ తల దించుకుని ఎవరివైపూ చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మొయినా ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా రేవుకు వెళ్ళింది.

వలలు పరిచిన చోట వట్టి ఇసుక. ఆవిడ అక్కడే కూలబడిపోయింది.

గుమ్మంలోంచి అమ్మ కేకేసింది. "ఏటే, అక్కడేటి సేత్తన్నావు? నీ సేప కంపుకి మా ఇంట్లో పడుకోనేకపోతన్నాం. వచ్చి పట్టుకుపో."

మొయినా తిరిగి చూసింది. లేవలేదు. అమ్మే వెళ్ళి పక్కన కూర్చుంది. నేను వెనకే వెళ్ళాను.

"సూత్తానని ఆ రోజు సెప్పాల్సింది," అంది అమ్మ. "బయమేసీసింది. నోరు రానేదు."

"నువ్ సెప్పలేదు దీదీ," అంది మొయినా. "జీపులో అదే ఏడ్సినా. కాగజ్‌కి ఏడవలేదు. నువ్ సెప్పలేదని ఏడ్సినా."

మా అమ్మ నోరున్న మనిషే గానీ ఏడుపు తక్కువ. నాన్న పోయినప్పుడు కూడా తలుపేసుకుని ఏడ్చింది. ఆ రోజు పట్టపగలు, నడి రేవులో, మొయినాను పట్టుకుని భోరుమంది. మొయినా ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది.

సాయంత్రం మొయినావాళ్ళకు అన్నం మా ఇంట్లోనే. మేం తింటుండగా మసేను చిన్నాన్న గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "కలామూ, రేపు ఏటకెల్దుం," అని వెళ్ళిపోయాడు. కలామ్ కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.

"ఆ దీవోళ్ళ సంగతి సెప్పనేదు నువ్వు," అంది అమ్మ నాతో. "తిరిగొచ్చేరా?"

ఇక దాచలేదు. "మూడేళ్ళు దాటాక వదిలారమ్మా. దీవికి వచ్చి చూస్తే ఇళ్ళు లేవు. వీధులు లేవు. వాళ్ళు వెళ్ళగానే మొత్తం కూలగొట్టేశారు. నలభై ఏళ్ళు దాటాక ఆ దేశం, తప్పయింది, క్షమించండి అంది. అప్పటికి చాలామంది ముసలాళ్ళు పోయారు."

"ఒక్కరూ నిలబడనేదా ఆళ్ళ కోసం?"

"అక్కడక్కడా నిలబడ్డారు. వేరే ఊళ్ళలో కొందరు పక్కింటివాళ్ళు వాళ్ళ తోటలు కాపాడి, తిరిగొచ్చాక తాళాలు చేతికిచ్చారు. దీవిలో మాత్రం ఏమీ మిగల్లేదు."

మొయినాకు సగమే అర్థమై ఏమిటని అడిగింది. అమ్మ తన ఒడియాలో ఆ కథంతా చెప్పింది. దీవిని ఛత్రపూర్ పక్కన పెట్టేసింది, జపానువాళ్ళు ఏం చేపలు పట్టేవారో కూడా కల్పించేసింది. నేను సరిదిద్దలేదు. చివర్లో, "ఆ ఆడోళ్ళు ఇసక మీద కూసునుంటారు దీదీ, నా మాదిరి," అంది మొయినా. అమ్మ ఆవిడ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

మర్నాడు తెల్లవారుజామున కలామ్ పడవెక్కాడు. మొయినా వాన చినుకులకు చెమ్మ పట్టిన నెత్తళ్ళు మళ్ళీ వల మీద పరిచి, బాగా ఎండిన చేప గంపకెత్తుకుని ఛత్రపూర్ సంతకు బయల్దేరింది. వీధిలో ఆడవాళ్ళంతా నీళ్ళ కొళాయి దగ్గర ఉన్నారు. చిన్నాన్న అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. మా గుమ్మం ముందు మొయినా ఆగింది. కాస్త జంకుతూనే అడిగింది.

"దీదీ, సేప..."

"సూత్తాను," అంది అమ్మ, వీధి చివరిదాకా వినబడేలా. "సూత్తాను, నువ్వెల్లు."